పాయింట్ ఎనిమిది

తలుపు మూసిన 6వ రోజు

ఈ పుస్తకం ఇవాళ శిబిరంలో ఇచ్చారు. నీలం అట్ట, లోపల ప్రతి పేజీ పైన "ఈ రోజు నేను నేర్చుకున్నది" అని అచ్చు. సైన్సు, సాంకేతిక బోధకుల వృత్తి నైపుణ్య శిబిరానికి వచ్చిన ప్రతి ఒక్కరూ ఏడాది పాటు ఇందులో రాయాలట. రాసింది ఎవరైనా చదువుతారా అని అడిగితే కిట్లు పంచుతున్నతను "ముందు సంతకం పెట్టండి మేడం" అన్నాడు. పెట్టాను. అందుకని రాస్తున్నాను.

నా పేరు సుగుణ. ఎండలకు తాళలేక ఊళ్ళన్నీ దిగి కాపురముంటున్న ఈ పాత గనిని బాయి అంటాం; అందులో ఆరో లెవెల్, అంటే ఆరో అంతస్తు, బడి నాది. ఇరవై రెండేళ్లుగా ఎనిమిది, తొమ్మిది తరగతులకు భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చెబుతున్నాను. ఇది నాకు పద్దెనిమిదో శిబిరం. మొదటి పదిహేడింటిలో ఏం నేర్చుకున్నానో అడిగితే కిట్ బ్యాగుల రంగులు వరసగా చెప్పగలను.

ఎండలకు బాయి తలుపు మూసి ఇవాళ్టికి ఆరు రోజులు. మళ్ళీ తెరిచేది నూట ఇరవయ్యో రోజున. అప్పటిదాకా లోపలి గాలే గతి. ఇంట్లో గాలిలో చెడును పీల్చే సున్నం తట్ట మార్చే రోజు కూడా ఇవాళే పడింది. నాలుగు రోజులకోసారి పాత తట్ట గుమ్మం బయట పెట్టి కొత్తది వేలాడదీయకపోతే, మనం వదిలిన ఊపిరి మనకే తిరిగొచ్చి తల దిమ్మెక్కుతుంది. పక్కింటామెకు తాళం ఇచ్చి, రెండో లెవెల్లో ఉన్న శిక్షణ హాలుకి లిఫ్టులో వచ్చాను.

బాయిలో మంటకు అనుమతి లేదు కనుక జ్యోతి ప్రజ్వలన స్విచ్చుతో జరిగింది. ఆ ఒక్క స్విచ్చు నొక్కడానికి ఐదుగురు పెద్దలు తలో వేలు పెట్టారు. తర్వాత వాన చప్పట్లు కొట్టించారు. ఒక వేలితో చినుకులు, రెండు వేళ్ళతో జల్లు, అరచేతులతో కుండపోత. నలభై మందిలో వాన చూసినవాళ్ళం నలుగురమో ఐదుగురమో ఉంటాం. అయినా అందరం బాగానే కురిశాం.

నా పక్కన కూర్చున్నది కొమురయ్య సార్. మా లెవెల్ ఐటీఐలో గాలి బ్లోయర్లు విప్పి బిగించడం నేర్పుతారు. పదేళ్లుగా శిబిరాలకు ఇద్దరం కలిసే వస్తాం. నాలుగు రోజుల హాజరు సంతకాలూ ఒకేసారి పెట్టేసి, అభిప్రాయ పత్రం నా ముందుకు తోశారు.

"గిది గూడ ఇప్పుడే నింపుదాం మేడం. ఆఖరు దినం లిఫ్టుకాడ లైన్ల నిలవడలేం."

శిబిరం మొదలై ముప్పావు గంటయింది. పన్నెండు ప్రశ్నలకూ "చాలా బాగుంది" దగ్గర టిక్కు పెట్టాను. నేర్చుకున్నది: భోజనంలో చారు బాగుంది.

తలుపు మూసిన 8వ రోజు

శిబిరంలో మూడో రోజు, ప్రాక్టికల్. ఒక్కొక్కరికి పది లీటర్ల గాలి నింపిన రబ్బరు సంచి, అర లీటరు సున్నపు తేట, వడపోత కాగితం, త్రాసు ఇచ్చారు. సంచిలో గాలిని గొట్టంతో మెల్లగా సున్నపు తేటలోకి వదలాలి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉంటే తేట అంత పాలలా తెల్లబడుతుంది. ఆ తెల్ల పొడిని వడగట్టి, ఆరబెట్టి, తూచి, వాయువు ఎంత శాతమో లెక్కగట్టాలి. గాలి ఎక్కడిదో చెప్పలేదు. ఎనిమిదో తరగతి పిల్లలు చేసే పని, కాకపోతే త్రాసు మంచిది.

మాన్యువల్ చివర ఒక మాదిరి పట్టిక ఉంది. అందులో పొడి బరువు 330 మిల్లీగ్రాములు, ఫలితం 0.8 శాతం అని ఉంది. నాకు 695 మిల్లీగ్రాములు వచ్చింది. తడి ఉందేమోనని మళ్ళీ వేడి పలక మీద పెట్టి తూచాను. 694. అంటే 1.7 శాతం.

అప్పుడు నా బుర్ర ఎలా పనిచేసిందో ఉన్నదున్నట్టు రాస్తాను. ఇరవై రెండేళ్లలో పిల్లల లెక్క పుస్తకంతో కలవనప్పుడల్లా తప్పు పిల్లల చేతిదే అని చెప్పాను. ఇవాళ పిల్ల స్థానంలో నేనున్నాను, కనుక తప్పు నాదే. ఎక్కడ చేశానో వెతికే ఓపిక లేదు. నాలుగింటికి లిఫ్టు. అది పోతే మళ్ళీ ఆరున్నరకే.

కొమురయ్య సార్ నా కాగితం వైపు వంగారు. "ఎంత పెడుతున్నరు మేడం?"

"మీరెంత పెట్టిన్రు?"

"నేను పాయింట్ ఏడు తొమ్మిది పెట్టిన. మీరు ఇంకోటి పెట్టున్రి. ఒక్కతీరుగ ఉంటె బాగుండది."

0.81 పెట్టాను. అక్కడి నుంచి వెనక్కి లెక్క చేసుకుంటూ వచ్చి పొడి బరువు 334 అని రాశాను. వడపోత కాగితం బరువు కూడా దానికి తగ్గట్టు సరిపెట్టాను. ఇది చేతకాని సైన్సు టీచరు ఈ బాయిలో లేరు. కాలేజీలో మాకు మొదట వచ్చిన విద్యే ఇది. నిజంగా కొలవడం తర్వాతెప్పుడో వచ్చింది.

ఒక మాట కూడా రాసిపెట్టాలి. పొద్దున మా రిసోర్స్ పర్సన్, గాలి శాఖ నుంచి వచ్చిన డాక్టర్ విభాకర్ గారు, "ఆ పట్టిక ఎలా నింపాలో చూపడానికి మాత్రమే ఇచ్చాం, అందులోని అంకెలను పట్టించుకోకండి" అన్నారు. నేను విన్నాను. అప్పుడు కిట్ బ్యాగు జిప్పు పట్టేస్తే దాంతో కుస్తీ పడుతున్నాను.

తలుపు మూసిన 9వ రోజు

ముగింపు సభ. విభాకర్ గారి గొంతు గద్గదమైంది. "నలభై మంది బోధకులు. ఎవరికి వారే విడివిడిగా కొలిచారు. అందరి ఫలితాలూ 0.76కీ 0.83కీ మధ్యనే ఉన్నాయి. నా సర్వీసులో ఇంత కచ్చితత్వం చూడలేదు." చప్పట్లు కొట్టాం. ఈసారి కుండపోతే. సర్టిఫికెట్లు ఇచ్చారు. గ్రూపు ఫొటోలో కొమురయ్య సార్ కళ్ళు మూసుకున్నారు.

తలుపు మూసిన 17వ రోజు

గాలి శాఖ మనిషి వచ్చి మా ఇళ్ళూ బడీ ఉన్న సొరంగం, మా గ్యాలరీ, మలుపులో ఉన్న గాలి మీటరు వెనక మర తిప్పి వెళ్ళాడు. కిందటేడు పెట్టినప్పటి నుంచీ ఆ ముల్లు 1.7 దగ్గరే ఉండేది. ఒకటి దాటితే ప్రమాదమని దాని మీదే రాసి ఉంది. కాబట్టి రోజూ దాన్ని చూసి తిట్టుకుంటూ పోయేవాళ్ళం, మీటరే చెడిపోయిందని అందరి నమ్మకం. ఇప్పుడు ముల్లు 0.8 దగ్గర బుద్ధిగా నిలబడింది.

గాలి అంత బాగున్నప్పుడు అంత సున్నం ఎందుకని, తట్ట మార్పిడి నాలుగు రోజుల నుంచి ఆరు రోజులకు జరిపారు. మోసే బరువు తగ్గిందని గ్యాలరీ అంతా సంతోషం. నేనూ సంతోషించాను. నా మోకాళ్ళు మరీ సంతోషించాయి.

తలుపు మూసిన 31వ రోజు

ఇంటింటా తలనొప్పులు. ఎండాకాలం నీళ్ళు పడలేదని ఒకరు, బియ్యం పాతవని ఒకరు. క్లాసులో రెండో పీరియడుకే పిల్లలు ఆవులిస్తున్నారు. నాకూ మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. వయసనుకున్నాను.

ఇవాళ ఎనిమిదో తరగతికి సున్నపు తేట ప్రయోగం. క్లాసు గాలినే సంచుల్లోకి పట్టించి తూయించాను. మీటరు లెక్కన ఒక శాతానికి లోపే రావాలి. స్వరూప అనే పిల్ల 2.1 అని రాసి తెచ్చింది. మాటలు తక్కువ, చేతులు శుభ్రం, దేనికీ తొందరపడని పిల్ల.

"తప్పు. ఆరబెట్టలేదు నువ్వు" అన్నాను.

"మూడుసార్లు ఆరవెట్టిన టీచర్. మూడుసార్లు గంతే అచ్చింది."

"మీటరు ఎంత చూపిస్తుంది?"

"పాయింట్ తొమ్మిది తొమ్మిది."

"మరి?"

స్వరూప మీటరు ఉన్న మలుపు వైపు చూసింది, తన కాగితం వైపు చూసింది. "నేను తూసింది నేను రాసిన టీచర్. మీటరు తూసింది మీటరు రాసుకుంటది గదా."

క్లాసు నవ్వింది. నాకు కోపమొచ్చింది. ఎర్ర సిరాతో 2.1 కొట్టేసి 0.99 వేసి, పదికి నాలుగు మార్కులిచ్చాను. మిగతా పిల్లలందరూ మీటరు చూసి పాయింట్ తొమ్మిదికి అటూ ఇటూగానే రాశారు. వాళ్ళకు తొమ్మిదేసి ఇచ్చాను.

తలుపు మూసిన 33వ రోజు

బడికి గాలి శాఖ వారి నెలవారీ పత్రిక వచ్చింది. స్టాఫ్ రూములో నిలబడే చదివాను. "బోధకుల సేవకు వందనం" అని మొదటి పేజీలోనే మా గ్రూపు ఫొటో. కింద వార్త. దాన్ని ఇక్కడ ఎత్తి రాస్తున్నాను, నా చేత్తో నేను రాస్తే గానీ నాకు ఎక్కేలా లేదు.

"ఆరవ లెవెల్ మీటర్లు అధికంగా చూపుతున్నాయన్న ఫిర్యాదులపై, ఆ లెవెల్ గాలిని సేకరించి, ముందస్తు అభిప్రాయాలకు తావు లేకుండా దాని మూలం తెలియజేయకుండానే, నలభై మంది అనుభవజ్ఞులైన బోధకుల చేత చేతి పద్ధతిలో కొలిపించడమైనది. నలభై ఫలితాలూ 0.8 శాతాన్నే నిర్ధారించినందున, మీటర్లను తదనుగుణంగా సరిచేయడమైనది."

మీటరు చెడిపోలేదు. మీటరు 1.7 అంది. నా త్రాసు కూడా 1.7 అంది. రెండూ నిజం చెప్పాయి. మధ్యలో అబద్ధమాడింది నేనొక్కదాన్నే. నన్ను నమ్మి మీటరు నోరు నొక్కారు, నన్ను నమ్మి సున్నం తగ్గించారు.

తలుపు గడియ పెట్టి స్టాఫ్ రూము గాలిని నేనే తూచాను. 857 మిల్లీగ్రాములు. 2.1. ఆ పిల్ల ఇచ్చిన అంకె, చుక్క తేడా లేకుండా. అక్కడే కుర్చీలో కూర్చుని, ఎవరైనా తలుపు కొడతారేమోనని భయపడుతూ ఏడ్చాను.

నేర్చుకున్నది: స్వరూపకు పదికి పది.

తలుపు మూసిన 35వ రోజు

ఐటీఐలో కొమురయ్య సార్ వర్క్‌షాపుకు వెళ్ళాను. బ్లోయరు రెక్కలకు గ్రీజు పెడుతున్నారు. పత్రిక ఆయనా చదివినట్టున్నారు, నన్ను చూడగానే పిల్లల్ని టీకి పంపేశారు.

"సార్, నిజం చెప్పున్రి. ఆ రోజు మీకు ఎంత అచ్చింది?"

గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకున్నారు. "ఒకటి పాయింట్ ఆరు ఎనిమిది."

"నాకు ఒకటి పాయింట్ ఏడు."

"నాకు ఎరికే మేడం. మీ కాగితం మీద రబ్బరుతోని చెరిపింది కనవడ్డది."

స్టాఫ్ ఫోన్ నుంచి నిన్నా ఇవాళా లెవెల్ లెవెల్‌కీ ఫోన్లు చేశాను. ముప్పై ఒక్క మంది దొరికారు. మొదట అందరూ "గుర్తు లేదు మేడం" అన్నారు. నాకెంత వచ్చిందో నేను చెప్పాక ఒక్కొక్కరికీ గుర్తొచ్చింది. 1.66. 1.72. 1.7. 1.69. ఏడుపొచ్చేంత బాగా కొలిచారు అందరూ. విభాకర్ గారు పొగిడిన కచ్చితత్వం నిజంగానే ఉంది మాకు. దాన్ని తుడిచేసి దొంగ కచ్చితత్వం రాసిచ్చాం.

"గా మాట కాగితం మీద రాసిస్తరా?" అని అడిగితే ఒక్కరూ ఊ అనలేదు. రీడింగు సరిపెట్టినట్టు రుజువైతే బోధన నుంచి తీసేసి పైన, బాయి బయట ఎండలో ఉన్న సున్నం కొలిమికి పంపుతారు. ఆ రూలు అందరికీ తెలుసు. మేం పిల్లలకు చెప్పేదే అది.

రాత్రి భోజనం కాకముందే ఉత్తరం రాసేశాను. నేను 1.7 కొలిచి 0.81 రాశాను, ఆరో లెవెల్ గాలి ఇప్పుడు 2.1 ఉంది, సున్నం వెంటనే పెంచండి, నా మీద ఏ చర్య తీసుకున్నా సరే. పొద్దున లిఫ్టు దగ్గరి టపా పెట్టెలో వేస్తాను.

తలుపు మూసిన 41వ రోజు

ప్రార్థనలో ముగ్గురు పిల్లలు వరసలోనే కూలబడ్డారు. చివరి గ్యాలరీలో బ్లోయరు గాలి అందని ఇళ్ళ పిల్లలు. నీళ్ళు చల్లి లేపి బ్లోయరు ముందు కూర్చోబెట్టాం. వాళ్ళలో స్వరూప ఒకతి. కళ్ళు తెరిచి "మీటరు ఎంతున్నది టీచర్?" అంది. నోరు మూసుకుని ఊపిరి తీసుకోమన్నాను.

సాయంత్రం జవాబు వచ్చింది. శాఖ నా ఉత్తరాన్ని "సానుకూలంగా పరిశీలించి" అదే నలభై మందితో ఒకరోజు పునశ్చరణ శిబిరం పెడుతోంది. ఆరో లెవెల్ గాలినే మళ్ళీ కొలుస్తారు. సగం మందికి పైగా 1 దాటి చూపిస్తే మీటర్లు వెనక్కి తిప్పుతారట. ఇది న్యాయంగానే ఉంది. ఆశ పుట్టింది నాకు.

కొమురయ్య సార్ ఇంటికి వచ్చి మరీ చెప్పారు. "ఈసారి ఎంతస్తే గంతే రాస్త మేడం. నా గ్యాలరీల గూడ పిల్లగాండ్లు పడుతున్నరు."

తలుపు మూసిన 44వ రోజు

పునశ్చరణ శిబిరం. ఈసారి మాన్యువల్‌లో మాదిరి పట్టిక చింపేశారు. టిఫిను దగ్గర ఎవరూ ఎవరి కళ్ళల్లోకీ చూడలేదు. వాన చప్పట్లు మాత్రం ఉన్నాయి.

నాకు 2.2 వచ్చింది. రాశాను. పక్కన కొమురయ్య సార్ త్రాసులో అంకె నేను చూశాను. 900 మిల్లీగ్రాములు. అంటే ఆయనకూ 2.2. పెన్ను తీసుకున్నారు. తర్వాత చెయ్యి అడ్డం పెట్టుకుని రాసి, కాగితం బోర్లించి, నీళ్ళ కోసమని లేచి వెళ్ళారు.

విభాకర్ గారు ఫలితాలు చదివారు. 0.8. 0.79. 0.82. 0.8. పట్టిక లేకపోయినా అందరికీ పాఠం కంఠతా ఉంది. ఇప్పుడు రెండని రాసినా, ఒకటిన్నరని రాసినా, మొదటిసారి ఎందుకు పాయింట్ ఎనిమిది రాశారో చెప్పుకోవాల్సొస్తుంది. ముప్పై తొమ్మిది మంది అదే లెక్క వేసుకున్నారు. కొమురయ్య సార్‌ది 0.81. కిందటిసారి నేను రాసిన అంకె.

"ఒకే ఒక్క ఫలితం విపరీతంగా ఉంది" అన్నారు విభాకర్ గారు నొచ్చుకుంటూ. "నియమం ప్రకారం దాన్ని లెక్క నుంచి తీసేస్తున్నాం."

నేను లేచాను. "సార్, ఈ హాల్లో అందరూ సరిపెట్టిన్రు. ఒక్కొక్కరిని త్రాసు ముంగట నిలబెట్టి తూయించున్రి."

"మేడం గారూ, సరిపెట్టలేదని ముప్పై తొమ్మిది మంది అంటున్నారు. సరిపెట్టానని రాతపూర్వకంగా ఒప్పుకున్నది మీరొక్కరే. మేం దేన్ని నమ్మాలి చెప్పండి?"

ఆయన మోసగాడు కాదు. అదే బాధ. కాగితం మీద ఉన్నదాన్ని నమ్మే మనిషి, మా అందరిలాగే. నేరం ఒప్పుకున్నాను కనుక నేరస్తురాలిని నేనే, ఒప్పుకోని వాళ్ళు సాక్షులు. పదిహేను నిమిషాల్లో నన్ను కొలిమికి పంపే ఉత్తర్వు టైపు చేసి చేతికిచ్చారు.

లిఫ్టు దగ్గర కొమురయ్య సార్ నా పక్కనే నిలబడ్డారు. "నన్ను గూడ పైకి పంపితే పిల్లగాండ్లకు బ్లోయర్ విప్పుడు ఎవలు నేర్పుతరు మేడం? మా నాయిన ఆ కొలిమికాడనే పోయిండు. నాతోని కాలే."

"మంచిది సార్. బ్లోయర్ మంచిగ నేర్పున్రి. ఊదనీకె గాలి ఉండదు గని" అన్నాను. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నాకు జాలి కలగలేదు.

తలుపు మూసిన 52వ రోజు

పైన. ఈ పుస్తకం తెచ్చుకున్నాను. ఏడాది పాటు రాయాలి కదా.

బాయి నోటి పక్కన రాతిలో తొలిచిన గది, దాని ముందు మూడు అద్దాల కొలుములు. కింద వాడేసిన సున్నం గడ్డకట్టి సుద్దయి, బయటి వేడి లోపలికి పోకుండా రెండు తలుపులున్న సరుకు లిఫ్టులో పైకొస్తుంది. ఎండ ఎక్కకముందు గంటన్నరలో దాన్ని కొలిమిలో పేర్చి గదిలోకి పరుగెత్తాలి. పగలంతా అద్దాలు ఎండను దాని మీదికి తోస్తాయి. పట్టుకున్న వాయువంతా బయటికి పోయి మళ్ళీ సున్నమవుతుంది. పొద్దు వాలాక దానికి నీళ్ళు కొట్టి, సంచుల్లో నింపి, స్లిప్పు రాసి కిందికి పంపాలి. నా చేతులు మొదటి రోజే బొబ్బలెక్కాయి. ఇరవై రెండేళ్లు నోటితో చెప్పిన రసాయనశాస్త్రం ఇప్పుడు నడుముతో చదువుతున్నాను.

కోటా తగ్గించాక ఒక్క కొలిమికే పని మిగిలింది. కాల్చని సుద్ద బయట కుప్పలు కుప్పలుగా పడి ఉంది. అది ఇక అక్కర్లేదట.

ఇవాళ ఆరో లెవెల్ నుంచి వచ్చిన ఖాళీ సంచిలో చిన్న వడపోత కాగితం ముక్క దొరికింది. పేరు లేదు. 2.3 అని మాత్రం రాసి ఉంది. బ్లోయర్ల మీద నంబర్లు వేసే చేతి రాత. పదేళ్లుగా చూస్తున్న రాత.

దాన్ని చింపేసి ఎండలో పారేద్దామనుకున్నాను. చెవులు రగిలిపోయాయి. నా ముందు రాయడానికి చేతకాని అంకె నా వెనక రాసి పంపుతాడా! చాలాసేపటికి గానీ కోపం దిగలేదు. దిగాక కాగితం మీద అంకె మాత్రం మిగిలింది. 2.3 అంటే చివరి గ్యాలరీలో మూడు దాటి ఉంటుంది.

తలుపు మూసిన 58వ రోజు

నాలుగు రోజులుగా అందరికన్నా అరగంట ముందు లేచి రెండో కొలిమి కూడా పేరుస్తున్నాను. ముప్పై సంచులు రావాల్సిన చోట యాభై వస్తున్నాయి. స్లిప్పు మీద ముప్పై అనే రాస్తున్నాను. ఇక్కడి మేస్త్రీ స్లిప్పు చూస్తాడు, సంచులు చూడడు. పైనా కిందా మనుషులంతా ఒకటే.

ఎక్కువ సంచులకు రెండు ముళ్ళు వేస్తున్నాను. ఒకదాంట్లో చీటీ పెట్టాను: "రెండు ముళ్ళవి స్టోరుకు కాదు, మీ షాపుకు. బ్లోయరు మూతి దగ్గర తట్టల్లో పోయించండి." అంతే రాశాను. బాగున్నారా అని రాయలేదు.

తలుపు మూసిన 66వ రోజు

చీటీలు రోజు విడిచి రోజు వస్తున్నాయి. 2.1. 1.8. ఇవాళ 1.5. దాని కింద మొదటిసారి రెండు మాటలు: "మాఫ్ చెయ్యున్రి." నేను మాఫీ చెయ్యలేదు. సంచులు మాత్రం పంపాను.

ఎండ దెబ్బకు నిన్న రెండుసార్లు వాంతి అయింది. మేస్త్రీ ఉప్పు నీళ్ళు ఇచ్చి, "టీచరమ్మా, గంత పొద్దుగాల లేసి ఏం జేత్తున్నవ్?" అన్నాడు. కోటా సరిపోవట్లేదన్నాను. అబద్ధం కాదు కదా.

తలుపు మూసిన 83వ రోజు

చీటీలో 0.8.

రాతిగదిలో ఒక్కదాన్నే కూర్చుని గట్టిగా నవ్వాను. నలభై మంది కలిసి రాసిచ్చిన అబద్ధాన్ని ఇరవై తొమ్మిది రోజులు మోసి మోసి నిజం చేశాను. ప్రార్థనలో ఇప్పుడు ఎవరూ పడట్లేదట, చీటీ వెనక రాశారు. స్వరూప రోజూ తూస్తోందట. ఇవాళ కడుపునిండా తిన్నాను.

తలుపు మూసిన 89వ రోజు

గాలి శాఖ పత్రిక పైకి కూడా వస్తుంది. మేస్త్రీ అది చదవడు, భోజనం కింద పరుచుకుంటాడు. ఇవాళ పరచబోతుంటే లాక్కున్నాను.

ఆరో లెవెల్ మీటర్లు ఇప్పుడు 0.38 చూపుతున్నాయట. మరి మర తిప్పి సగానికి పైగా తగ్గించిన మీటర్లు కదా, నిజంగా పాయింట్ ఎనిమిది ఉంటే అంతే చూపిస్తాయి. దాని మీద శాఖ వారి నిర్ణయాలు మూడు. గాలి ఇంత మెరుగ్గా ఉన్నందున తట్ట మార్పిడి ఆరు రోజుల నుంచి పది రోజులకు. ఆరో లెవెల్లో సఫలమైన ఈ సవరణ ఐదు, ఏడు లెవెళ్ళ మీటర్లకు కూడా. నిర్ణయానికి ఆధారమైన ముప్పై తొమ్మిది మంది బోధకులకు ప్రశంసా పత్రాలు. ఫొటో పాతదే వేశారు, నేనున్న మూల కత్తిరించి.

నేను పంపిన ప్రతి సంచీ ముల్లును ఇంకాస్త కిందికి దించింది. ముల్లు దిగినందుకు సున్నం ఇంకాస్త తగ్గించారు. ఆపితే పిల్లలు పడిపోతారు. పంపితే కోటా పడిపోతుంది. తలుపు తెరవడానికి ఇంకా ముప్పై ఒక్క రోజులు.

తలుపు మూసిన 97వ రోజు

ఇవాళ ఖాళీ సంచుల్లో మూడు చీటీలు ఉన్నాయి. ఒకటి కొమురయ్య సార్‌ది, 1.1. రెండోది ఐదో లెవెల్ నుంచి, 1.9. మూడోది ఏడో లెవెల్ నుంచి, 2.0. రెండిటి మీదా పేర్లు లేవు. నాకు తెలుసు, ఆ లెవెళ్ళ నుంచి శిబిరానికి వచ్చినవాళ్ళెవరో, మాతో పాటు ఎవరు వానలా చప్పట్లు కొట్టారో. కొమురయ్య సార్ చెప్పి ఉంటారు, పైన ఒకామె ఉంది, అంకె పంపితే సున్నం పంపుతుందని. ఏడో లెవెల్ చీటీ కింద "దయచేసి తొందరగా మేడం" అని ఉంది.

ఉన్నది ఉన్నట్టు శాఖకు రాయడానికి ముప్పై తొమ్మిది మందిలో ఒక్కరికీ ధైర్యం లేదు గానీ, నా నడుము మీద మాత్రం అందరికీ నమ్మకం ఉంది.

మూడో కొలిమి తుప్పు పట్టి ఉంది, పొద్దు వాలినప్పటి నుంచి గీకుతున్నాను. రేపు ఇంకో గంట ముందు లేవాలి.